నేరుగా వెళ్ళిన నేరం

ఢిల్లీ ద్వారకాలో ఒక ఫ్లాటు. ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల దగ్గర సదాశివరావు, ఆయన భార్య జానకమ్మ, కటవారియా సరాయ్‌లో గది తీసుకుని జడ్జీల పరీక్షకు చదువుకుంటున్న ఆమె చెల్లెలి కూతురు ప్రవల్లిక.

“ఆ లింకు నొక్కకే, ప్రవల్లికా. నొక్కావంటే నా ఖాతా నున్నగా అయిపోతుంది. నొక్కేది మనం, నొక్కేసేది వాళ్ళు.”

“నొక్కలేదు పెదనాన్నా. లింకు వదిలేసి, ట్రాఫిక్ వాళ్ళ అసలు సైటు తెరిచి మీ బండి నంబరు కొట్టి చూశాను. మెసేజీ దొంగది కాదు. చలాన్ నిజంగానే ఉంది.”

“నాకా?”

“మీకే. సదాశివరావు, తండ్రి భీమేశ్వరరావు, ద్వారకా సెక్టార్ పదకొండు.”

“మధ్యలో మా నాన్నగారేం చేశారు? ఆయన జన్మలో సైకిలు కూడా ఎక్కలేదు.”

“ముద్ద మింగి మాట్లాడండి. పప్పు చల్లారిపోతోంది.”

“పప్పు చల్లారితే చల్లారింది, నా కడుపు మండుతోంది జానకీ. ఇరవై ఏడేళ్ళు. ఇరవై ఏడేళ్ళుగా ఈ ఢిల్లీలో బండి తోలుతున్నాను. ఇక్కడి చలి చూశాను, చలిలో ఇంజనుకి చలనం లేకపోవడం చూశాను, చలాన్ మాత్రం చూళ్ళేదు.”

“ఇప్పుడు చూశారుగా. ఇంకాస్త నెయ్యి వెయ్యనా?”

“నెయ్యి తర్వాత. ఇంతకీ నేను చేసిన ఘోరమేమిటట?”

“రెడ్ లైట్ జంప్. ధౌలా కువాన్ దగ్గర. ఎనిమిదో తారీకు, బుధవారం, పొద్దున్న పదకొండుంపావుకి. సిగ్నల్ ఎర్రగా ఉండగా గీత దాటి నేరుగా ముందుకి వెళ్ళారని రాశారు.”

“నేరుగా వెళ్ళడమూ నేరమేనా? ఈ ఊళ్ళో వంకరగా వెళ్ళేవాళ్ళందర్నీ వదిలేసి, నేరుగా వెళ్ళినవాడికి నేరం అంటగట్టారన్నమాట.”

“పెదనాన్నా, ఇది నవ్వే సంగతి కాదు. ఇది ఒట్టి జరిమానాతో పోకపోవచ్చు. కోర్టు తలుచుకుంటే మీ లైసెన్సు మూడు నెలలు ఆపేస్తుంది.”

“మూడు నెలలా?”

“మూడు నెలలే.”

“అదేమిటే. ముప్పై ఒకటిన నా రిటైర్మెంటు. ఒకటో తారీకు తెల్లారకుండా బయల్దేరి, ఢిల్లీ నుంచి కన్యాకుమారి దాకా నేనే కారు తోలుకుంటూ వెళ్తానని ఆఫీసంతా చాటుకున్నాను. వాళ్ళు నా వీడ్కోలు కేకు మీద కారు బొమ్మ కూడా వేయిస్తున్నారు.”

“బస్సు బొమ్మ వేయమనండి.”

“జానకీ, నువ్వు నవ్వుతున్నావా?”

“మీ జోకులకి నవ్వకపోతే నవ్వలేదంటారు. నేనొకటంటే నవ్వుతున్నావా అంటారు.”

“ఇన్నాళ్ళూ లైసెన్సులో సెన్సు ఒక్కటే చూశాను. దాని ముందు ‘లై’ ఒకటుందని ఇవాళే కనిపెట్టాను. పచ్చి అబద్ధం. నేను ఎర్రలైటు దాటడమేమిటి? ఎర్ర చీర కట్టుకున్నావిడ ఎదురొచ్చినా బ్రేకు మీద కాలేసే మనిషిని.”

“ఎర్ర చీర కట్టుకున్నావిడెవరు?”

“ఉపమానం. కవిత్వం. ప్రవల్లికా, నీ పేరుకి పొడుపుకథ అని అర్థం కదా. విప్పు. ఇప్పుడు నేనేం చెయ్యాలి?”

“రెండు దారులున్నాయి పెదనాన్నా. ఒకటి, ఒప్పుకుని కట్టేయడం. రెండు, నాది కాదని జవాబివ్వడం. ఏదైనా ఎల్లుండి సాయంత్రంలోపు చెయ్యాలి.”

“కట్టేయండి.”

“ఏమిటే కట్టేసేది?”

“కట్టేయండీ, పీడా పోతుంది. పెద్దవాళ్ళతో మనకెందుకు? నేను పెట్టింది కాదు, పక్కింటి పంజాబీ ఆవిడ ఇచ్చిన ఆవకాయ ఇది, కాస్త వేసుకోండి.”

“పెద్దమ్మా, కట్టేస్తే తోలింది తనేనని ఒప్పుకున్నట్టు. అప్పుడు లైసెన్సు సంగతి వాళ్ళ చేతుల్లో ఉంటుంది.”

“విన్నావా? ఒప్పుకుంటే ముప్పు. నేనెందుకు ఒప్పుకోవాలి? ఆ బుధవారం పదకొండుంపావుకి నేను గురుగ్రామ్‌లో మీటింగులో ఉన్నాను. నా వీడ్కోలు సభకి సమోసానా కచోరీనా అని గంటన్నర చర్చ. పదహారు మంది సాక్షులున్నారు.”

“మీరు ఉన్నారు సరే. బండి ఎక్కడుంది?”

“బండి ఆఫీసు బేస్‌మెంటులో ఉంది. కార్డు గీకితే గాని గేటు లేవదు. లోపలికి ఎనిమిదీ యాభై, బయటికి ఆరూ పది. కావాలంటే వాళ్ళ దగ్గర చిట్టా ఉంటుంది.”

“అచ్ఛా, అది గట్టి రుజువు. ఆ కాగితం తెచ్చుకుంటే మీ కేసు సగం అయిపోయినట్టే.”

“మిగతా సగం?”

“మీ బండి గురుగ్రామ్‌లో ఉంటే ధౌలా కువాన్‌లో ఉన్నది ఏ బండి?”

“ఇంకేముంది, దొంగ నంబరు. ఎవడో నా నంబరు రాయించుకుని తిరుగుతున్నాడు. పేపర్లో వస్తున్నాయి కదా. వాడు బ్యాంకు దోచుకుని పారిపోతాడు, పోలీసులు వచ్చి నా తలుపు తడతారు. వాడు దోచేది, నన్ను మూసేది. ఫోనందుకోవే, పోలీసులకి చెప్పేద్దాం.”

“ఆదివారం పూట పోలీసులెందుకండీ. వాళ్ళూ ఇంత తింటూ ఉంటారు.”

“దొంగలకి ఆదివారం సెలవుంటుందా?”

“దొంగ దొంగ అనకండి.”

“దొంగని దొంగనక దొరగారనాలా?”

“ఆగండి ఆగండి. ఫొటోలు కూడా ఉన్నాయి. ఇందాకట్నుంచి తెరుచుకోలేదు, ఇప్పుడొచ్చాయి. రెండున్నాయి. వెనకనుంచి తీసినవి, డ్రైవరు మొహం పడలేదు.”

“అమ్మయ్య.”

“ఏంటి పెద్దమ్మా?”

“ఏం లేదే. అన్నం అందరికీ సరిపోయింది, అమ్మయ్య అనుకున్నాను.”

“ఇలా తే ఆ ఫోను.”

“పప్పు చేత్తో ముట్టుకోకండి. అది దాని కొత్త ఫోను. ప్రవల్లికా, నువ్వే పట్టుకుని చూపించు.”

“సరే, నేను కళ్ళతోనే తింటాను. ఏదీ... ఇదేమిటి? తెల్ల కారు. అదే మోడలు. వెనకద్దం మీద అదే షోరూము స్టిక్కరు. జానకీ, ఇది మన కారే.”

“చెప్పాను కదా, కట్టేయండని.”

“మన కారే కాని మన కారు కాదు. నేను అక్కడుండి ఇక్కడెలా ఉంటాను? నేనేమన్నా నారదుణ్ణా?”

“నారదుడికి కారు లేదు పెదనాన్నా. రెండో ఫొటో చూడండి, నంబరు ప్లేటు దగ్గరగా తీశారు. నాలుగు, ఒకటి, ఎనిమిది, మూడు. మీ నంబరే.”

“నా నంబరే. 4183. నా గుండె కూడా ఇప్పుడు ఆ వేగంతోనే కొట్టుకుంటోంది.”

“ఆ మూడు పక్కన మచ్చలాంటిది ఏమిటి? పెద్దది చేస్తాను. పసుపుపచ్చగా ఉంది. మధ్యలో ఎర్రగా ఉంది.”

“ఏదీ. ఇంకా పెద్దది చెయ్యి. ఇంకా.”

“ఇంతకంటే అవదు పెదనాన్నా.”

“మూడు వేళ్ళతో నిలువుగా గంధం. మధ్యలో కుంకుమ. కింద అక్షింతొకటి అంటుకుని ఉంది.”

“అంత కనిపించిందా మీకు? కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.”

“కనిపించక్కర్లేదు జానకీ. ఎవడి సంతకం వాడికి తెలీదా? ఇది నా చెయ్యి. ఈ బొట్టు పెట్టింది నేను.”

“బండికా? మీరా?”

“ఓ, నీకు తెలీదు కదూ, నువ్వు దసరాకి రాలేదు. మన సొసైటీలో తెలుగువాళ్ళ బళ్ళకి వాహన పూజ చేసేది నేనే. పదకొండేళ్ళ కింద పంతులుగారు ట్రాఫిక్‌లో ఇరుక్కుని రాలేకపోతే, నాకు నాలుగు శ్లోకాలొచ్చు కదా అని అందరూ కలిసి నా చేతికి గంటిచ్చారు. ఆ గంట అప్పట్నుంచి మళ్ళీ ఎవరూ తీసుకోలేదు. ఈసారి కింద పార్కింగులో పద్నాలుగు కార్లు, మూడు స్కూటర్లు, ఒక వీల్‌చైరు.”

“వీల్‌చైరుకి కూడానా?”

“పెద్దిరాజుగారి అమ్మగారిది. ఆవిడే అడిగింది, నా బండికి లేదా నాయనా అని.”

“బావుంది. కాని బొట్టు తీసుకెళ్ళి నంబరు ప్లేటు మీద ఎందుకు పెట్టారు పెదనాన్నా? ప్లేటు మీద ఏదీ ఉండకూడదు. ఒక్క అంకె కనపడకపోయినా దానికదే ఇంకో చలాన్.”

“బొట్టు నుదుటి మీద కాక ఎక్కడ పెడతారమ్మా? బండికి నుదురంటే నంబరు ప్లేటే.”

“వెనకాలా?”

“బండికి ముందొక నుదురు, వెనకొక నుదురు. అది రివర్సులో కూడా వెళ్తుంది కదా.”

“మరి మన బండికి?”

“మన బండికీ పెట్టాను. సాయంత్రం తడిగుడ్డ పెట్టి తుడిచేశాను. భక్తి భక్తే, రూలు రూలే.”

“తక్కినవాళ్ళకి చెప్పారా, తుడుచుకోండని?”

“ఎవరికి?”

“ఆ పదమూడు కార్లవాళ్ళకి, పెదనాన్నా.”

“బొట్టు పెట్టిన పంతులే దాన్ని తుడవండంటే ఏం మర్యాదగా ఉంటుందే? తాంబూలం కూడా పుచ్చుకున్నాను.”

“అదీ సంగతి. అందరి బొట్లూ అలాగే ఉన్నాయన్నమాట.”

“ఆగు జానకీ, నేను ఆలోచిస్తున్నాను. నేను బొట్టు పెట్టిన కారు. తెల్లది. నా మోడలే. నా నంబరే. ప్రవల్లికా, ఆ మూడుకి ఎడమవైపంతా గంధమేనా?”

“అంతా గంధమే. దట్టంగా ఉంది.”

“మూడుకి ఎడమవైపు ఖాళీ ఉంటుంది. గంధం కింద నలుపు ఉందనుకో. గంధం గీకేస్తే?”

“గీకేస్తే... ఎనిమిది. అరే, పెదనాన్నా. సగం మూసుకుపోయిన ఎనిమిదిని కెమెరా మూడని చదువుకుంది.”

“4188.”

“అది ఎవరిది?”

“ఎవరిదేమిటి, పై అంతస్తు శ్రీరాములుది. ఇద్దరం ఒకే రోజు ఒకే షోరూములో కొన్నాం. జంటగా తీసుకుంటే తగ్గిస్తామన్నారు. రంగు కూడా ఒకటే తీసుకుంటే ఇంకాస్త తగ్గిస్తామన్నారు. పెళ్ళిచూపుల్లో కూడా అంత బేరం దొరకలేదు నాకు. నంబర్లు అయిదు తేడాలో వచ్చాయి.”

“పెళ్ళిచూపుల్లో బేరమేమిటి?”

“ఏం లేదు జానకీ, నీ ఆవకాయ బావుందంటున్నాను.”

“అది నాది కాదన్నానుగా.”

“చూశావా ప్రవల్లికా, పేరుకి తగ్గట్టు ముడి విప్పావు. పాపం వాడి బండికి గంధం పెట్టబోయి నాకు గండం తెచ్చుకున్నాను. బండి బండారం బయటపడింది. ఫోను కలుపు శ్రీరాములికి.”

“వద్దు.”

“ఏం?”

“ఆదివారం. వాళ్ళూ తింటూ ఉంటారు.”

“పోలీసులూ తింటూ ఉంటారు, శ్రీరాములూ తింటూ ఉంటాడు. ఢిల్లీలో ఇవాళ తిననివాణ్ణి నేనొక్కణ్ణే. వాడు నా ప్రాణ స్నేహితుడే, కాదనను. స్నేహం స్నేహమే, సిగ్నల్ సిగ్నలే. వాడు దాటిన గీతకి నా రాత మారిపోతే ఎలా?”

“అసలు తప్పు ఆ బొట్టుది. బొట్టు మీది. కాబట్టి తప్పు మీది. కట్టేస్తే అయిపోతుంది కదండీ, పై అంతస్తు వాళ్ళని వీధిలోకి లాగడమెందుకు?”

“బొట్టు పెట్టినవాడికి చలాన్ వేస్తే ఈ దేశంలో పంతుళ్ళంతా జైల్లోనే సంధ్యావందనం చేసుకోవాలి. జవాబు రాసెయ్ ప్రవల్లికా. ఇది నా బండి కాదు, నా బండి గురుగ్రామ్‌లో ఉంది, ఇది ఫలానా శ్రీరాములు బండి అని.”

“రాస్తాను. కాని ఒకటి చెప్పాలి. అలా రాస్తే నోటీసు శ్రీరాములు అంకుల్‌కి వెళ్తుంది. ఆయన తను తోలలేదంటే, ఎవరు తోలారో చెప్పాల్సింది ఆయనే. బండి ఎవరి పేరున ఉంటే వాళ్ళదే ఆ బాధ్యత.”

“చెప్పాలా?”

“చెప్పాలి పెద్దమ్మా. పేరు, చిరునామా, లైసెన్సు నంబరు.”

“లైసెన్సు నంబరు కూడానా?”

“కూడా.”

“అది మరీ కొత్తదైతే?”

“కొత్తదైతే ఏం? లైసెన్సు లైసెన్సే. నీకెందుకు?”

“ఊరికే. జనరల్ నాలెడ్జి.”

“పేరు చెప్పేదేముంది, తోలింది శ్రీరాములే. వాడికి ఎర్రలైటు చూస్తే ఎద్దుకి... ఉండు. ఎనిమిదో తారీకు కదూ? బుధవారం?”

“బుధవారమే.”

“మంగళవారం రాత్రి విమానానికి వాణ్ణి ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. హైదరాబాదులో నాలుగు రోజుల పని. శనివారం గాని రాలేదు.”

“అయితే అంకుల్ కాదు. ఆంటీ తోలి ఉంటారు. హైమవతి ఆంటీ బాగా తోలతారు కదా.”

“ఆవిడ తోలడం నిజమే. ఈ సొసైటీలో ఆవిడ కారుకి నేను కూడా దారిస్తాను, భయంతో. కాని దసరా మర్నాడే మెట్ల మీద జారి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. ఇంత కట్టు. గేరు మార్చడం కాదు, గాజులు మార్చుకోలేదు.”

“మరింకెవరు?”

“అదే నేనూ అడుగుతున్నాను. ఆయన ఊళ్ళో లేడు, ఆవిడకి చెయ్యి లేదు. నేను ముందే అన్నాను, దొంగ. తాళంచెవి కొట్టేసి, ధౌలా కువాన్ దాకా తిప్పి, ఎర్రలైటు దాటించి...”

“దాటించి, మళ్ళీ జాగ్రత్తగా తెచ్చి పార్కింగులో పెట్టి వెళ్ళాడా? అంత మంచి దొంగ ఎక్కడుంటాడు పెదనాన్నా?”

“దొంగ అనకండని ఇందాకే చెప్పాను. హైమవతిని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కట్టు సరిగా ఉందో లేదో చూపించుకోవాలి, ఆయన ఊళ్ళో లేరు, టాక్సీ ఒకటి ఒప్పుకుని రాలేదు, రెండోది గేటు దాకా వచ్చి వెనక్కి పోయింది. పాపం నొప్పితో కింద నిలబడితే తెలిసినవాళ్ళొకరు తీసుకెళ్ళారు.”

“తెలిసినవాళ్ళంటే?”

“తెలిసినవాళ్ళంటే తెలిసినవాళ్ళే.”

“అద్దె డ్రైవరా?”

“అద్దెకెందుకొస్తారు. ఊరికే వచ్చారు.”

“ఊరికే వచ్చి నా లైసెన్సుకి ఉరేశాడు. తెలిసినవాడైతే ఎర్రదీపమని తెలీదా? ఎర్ర లైటుకి ఆగని ఎర్రివాణ్ణి ఏమనాలి? ఎవరి బండో ఎక్కి, ఎవరి ఊరో అన్నట్టు దూసుకుపోయి...”

“దూసుకుపోలేదు. ఆగారు.”

“ఎక్కడాగాడు?”

“గీతకి ఇవతలే ఆగారు. అరనిమిషం ఆగారు. వెనకాల అంబులెన్సు వచ్చి చెవులు చిల్లులు పడేలా మోగిస్తోంది. కుడివైపు బస్సు, ఎడమవైపు ఇంకో కారు, ఎటూ కదిలే సందు లేదు. ముందుకి జరిగి, ఎడమకి తప్పుకుంటే గాని దానికి దారి లేదు. అందుకని గీత దాటి పక్కకి జరిగారు. అంబులెన్సు వెళ్ళాక మళ్ళీ అక్కడే ఆగారు, పచ్చలైటు పడేదాకా. లోపల ఎవరున్నారో ఏమిటో, ఎవరి ప్రాణమో. దాన్ని దూసుకుపోవడం అంటారా?”

“ఇదంతా నీకెలా తెలుసే?”

“హైమవతి చెప్పింది. పక్క సీట్లోనే ఉంది కదా.”

“ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. మొదటి ఫొటో మళ్ళీ తీస్తున్నాను. కుడివైపు అంచుకి... పెదనాన్నా, ఇది చూడండి. ఇందాక బస్సు అనుకున్నాను. పైన నీలం లైటు. పక్కన ఎర్ర పట్టీ.”

“అంబులెన్సే. సగం కోసేశారు గాని, అంబులెన్సే.”

“అయితే ఇదే జవాబు. అంబులెన్సుకి దారివ్వడానికి గీత దాటామని చెప్పుకోవచ్చు. అసలు దారివ్వకపోతేనే వేరే చలాన్ ఉంది. వాళ్ళు తీసిన ఫొటోనే మనకి సాక్ష్యం. కెమెరా అడ్డం తిరిగి మన పక్షాన నిలబడింది.”

“శభాష్. జడ్జీ అయ్యాక ఆ ముక్కే తీర్పులో రాయి. అయితే నా లైసెన్సు బతికిందా?”

“బతుకుతుంది, ఒక చిక్కుంది. ఈ మాట మీరు చెబితే చెల్లదు. మీరక్కడ లేరు. శ్రీరాములు అంకుల్ చెప్పినా చెల్లదు, ఆయనా లేరు. బండి తోలినవాళ్ళే ముందుకొచ్చి, అవును నేనే తోలాను, ఇందుకు దాటాను అని సంతకం పెట్టాలి. అప్పుడు మీ పేరు ఆ చలాన్ మీంచి పోతుంది, వాళ్ళ మీదా నిలవదు. రాకపోతే, మీ పార్కింగు చిట్టా ఒకవైపు, ఆ ఫొటో ఒకవైపు, వాయిదాలు మొదలవుతాయి. ఒకటో తారీకు ఈలోగానే వచ్చేస్తుంది.”

“వాదన కంటే వాయిదాలే ఎక్కువ మన దగ్గర. వస్తాడంటావా ఆ మనిషి?”

“అది పెద్దమ్మకే తెలియాలి.”

“నాకేం తెలుసు?”

“తెలిసినవాళ్ళు అన్నావు కదా.”

“ఉండండుండండి. మళ్ళీ ఒకసారి ఆ ఫొటో చూపించు. అబ్బా. నేనిందాక తొందరపడి ఎర్రివాడన్నాను గాని, చూడు జానకీ, ఎడమ ఇండికేటరు వెలుగుతోంది. అంత కంగారులో ఇండికేటరు వేశాడు. చక్రాలు చూడు, ఎంత తిప్పాలో అంతే తిప్పాడు. మనుషులు నడిచే చారల మీద ఒక్క టైరు కూడా వెళ్ళలేదు, పక్కనుంచి అంబులెన్సు పట్టడానికి సరిగ్గా జానెడు వదిలాడు. ఇది మామూలు చెయ్యి కాదు. ఇరవయ్యేళ్ళు స్టీరింగు పట్టిన మగాడి చెయ్యి.”

“మగాడిదని ఎలా చెప్పారు పెదనాన్నా?”

“అనుభవం. ఇంకోటి చెప్పనా? వీడు ఢిల్లీవాడు కాడు. ఈ ఊళ్ళో ఇండికేటరు వేస్తే ఎటు వెళ్తున్నామో శత్రువుకి చెప్పినట్టని నమ్ముతారు. వీడు మనవాడై ఉండాలి. జానకీ, తెలుగేనా?”

“తెలుగే.”

“నేను చెప్పలే? ఏ ఊరు?”

“తణుకు.”

“మీ ఊరేనా?”

“మా ఊరే.”

“పెదనాన్నా, మీరు ఇంక అడక్కండి.”

“ఎందుకడగను? మా అత్తారి ఊరు మనిషి, నా లైసెన్సు కాపాడబోయే మనిషి. ఇంతకాలం మన సొసైటీలో ఉండి నాకు కనపడలేదేమిటి? పూజకి రాలేదా?”

“వచ్చారు. హారతి పళ్ళెం పట్టుకున్నారు.”

“గుర్తులేదే. మరి ఇంత బాగా తోలే మనిషి గుట్టుగా ఎందుకున్నాడు?”

“ఇంట్లో తెలీదు. చాటుగా నేర్చుకున్నారు. హైమవతి నేర్పింది. రోజూ పొద్దున్నే ఇంట్లో ఆయన ఆఫీసుకి వెళ్ళగానే గంటసేపు. ఎండాకాలంలో మొదలుపెడితే మొన్న ఆగస్టులో లైసెన్సు వచ్చింది. ఆ పరీక్ష ట్రాకు మీద ఎనిమిది అంకెలా తిప్పమంటారు చూడండి, మొదటిసారే తిప్పేశారు.”

“చాటుగా ఎందుకు? దొంగతనమా, దొరతనమా?”

“ఎనిమిదేళ్ళ కింద ఆ ఇంట్లో ఆయనే నేర్పుతానని పక్కన కూర్చున్నారుట. క్లచ్చి తొక్కితే ఒక జోకు. బ్రేకు తొక్కితే ఒక జోకు. గేరు మారిస్తే రెండు. బండి ఆగిపోతే, వెనకాల పదిమంది హారను కొడుతుంటే, ఆయన ఇంజను మీద పద్యం చెప్పారుట. నాలుగోరోజు ఇందిరాగాంధీ ఎయిర్‌పోర్టు రోడ్డు మీద బండి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచొచ్చేశారు. మళ్ళీ ఆ బండి స్టీరింగు ముట్టుకోలేదు.”

“ఎవడే ఆ మూర్ఖుడు? నేర్చుకునే మనిషి పక్కన కూర్చుని జోకులేస్తారా ఎవరైనా? పాపం స్టీరింగు పట్టుకుని వణుకుతూ ఉంటే నవ్వమంటాడా? నేనైతే నోరెత్తేవాణ్ణి కాదు.”

“పెదనాన్నా.”

“నువ్వెందుకే అలా ఎర్రబడిపోతున్నావు? ఆవకాయ ఘాటా?”

“అవును పెదనాన్నా. ఘాటే. మంచినీళ్ళివ్వు పెద్దమ్మా.”

“మరిన్నాళ్ళకి మళ్ళీ ఎందుకు నేర్చుకోబుద్ధయిందట?”

“ఇంట్లో ఆయనకి మోకాలు బాలేదు. క్లచ్చి తొక్కి తొక్కి అరిగిపోయింది. ఆయన ఒప్పుకోరు గాని, రాత్రిళ్ళు నూనె రాస్తుంటే తెలుస్తుంది కదా. ఆ మోకాలితో ఎక్కడెక్కడికో తోలుకుపోతానంటున్నారు. ఒక్కరే తోలితే దారిలో ఏ ఝాన్సీ దగ్గరో కూలబడిపోరూ? సగం దూరం తను తోలితే ఆయన పక్క సీట్లో కూర్చుని ఎన్ని జోకులైనా వేసుకోవచ్చని.”

“అయ్యో. బంగారం లాంటి మనసు. చూడు, నా మోకాలిదీ అదే కథ. అలాంటి మనిషి మన మీది అంతస్తులోనో కింది అంతస్తులోనో ఉండి నాకు తెలీకపోవడం నా ఖర్మ. జానకీ, అతను సంతకం పెడతాడా పెట్టడా తర్వాత. ముందు నేను అతనికి చెయ్యి కలపాలి. ఇప్పుడే కలపాలి. పిలిపించు.”

“ఇప్పుడేనా?”

“ఇప్పుడే. కోర్టుకి నేనే తీసుకెళ్తాను. కన్యాకుమారికి వస్తానంటే అక్కడికీ తీసుకెళ్తాను. సగం దూరం అతనే తోలనీ, నేను పక్కన కూర్చుని కిక్కురుమంటే ఒట్టు.”

“అయితే లేచి ముందు ఆ పప్పు చెయ్యి కడుక్కుని రండి, కలుపుదురుగాని. ఈలోగా నేను బియ్యం డబ్బాలోంచి నా లైసెన్సు తెస్తాను.”